గరుకు సీసా, నున్న సీసా

మా కాలేజీలో ఏటా మొదటిసారి ఆసుపత్రి శిక్షణకు వెళ్ళే పిల్లలను కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పడం ఆనవాయితీ. ఆ రోజు మా సహోద్యోగి ఒకాయన నన్ను చూపించి ఒక కథ చెబుతాడు. ఈమె చదువుకునే రోజుల్లో సముద్రపొడ్డు పాళెం నుంచి ఒకామె మురికి సీసా పట్టుకొని మందుకు వస్తే, ఈమె దాన్ని పారేసి, శుభ్రమైన సీసాలో మందు పోసి ఇచ్చిందట. అంతటితో ఊరుకోక ఇసుకలో నడిచి ఆ పాళేనికి వెళ్ళి, బిడ్డను ఆసుపత్రికి తెచ్చి బతికించిందట. విద్యార్థి అంటే అలా ఉండాలట. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఒకటి రెండుసార్లు నేను లేచి, అలా జరగలేదని చెప్పాను. నా వినయమనుకున్నారు. నాకు వినయం ఉందని నన్నెరిగినవాళ్ళు ఎవరూ అనరు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

సీసాను నేను పారెయ్యలేదు, పగలగొట్టాను. శుభ్రమైన సీసాలో మందు పోసిన మాట నిజమే. అసలు తప్పంతా అక్కడే ఉంది.

పందొమ్మిది వందల అరవైల మొదట్లో సంగతి. ఫార్మసీ డిప్లొమాలో మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. మాది కొడవలూరు దగ్గర వరి పండించే ఇల్లు. కూతురు కాంపౌండరు చదువు చదువుతోందని మా నాన్న ఎవరికీ చెప్పుకునేవాడు కాదు. కాంపౌండరు వేరు, ఫార్మసిస్టు వేరు అని నేను సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఇంట్లో ఉపన్యాసం ఇచ్చేదాన్ని. వినేది మా పెద్దమ్మ ఒక్కతే. ఆమెకు చెవుడు.

పాఠాలు సగం అయ్యాక మమ్మల్ని తలా ఒక ఆసుపత్రికి పంపారు. నాకు వాకాడు వైపు, కాలువ దాటి కొంచెం నడిస్తే సముద్రం తగిలే చోట ఒక చిన్న ఆసుపత్రి పడింది. వెళ్ళేముందు ప్రిన్సిపాలు గారు ఒక టైపు కాగితం ఇచ్చారు. విద్యార్థి ఎలా నడుచుకోవాలో అందులో ఉంది. తెల్లకోటు వేసుకోవాలి. మందు సీసా తీసేటప్పుడు ఒకసారి, కొలిచేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి లేబుల్ చదవాలి. పెద్ద కాంపౌండరు చూడకుండా ఏ మందూ రోగి చేతికి ఇవ్వకూడదు. మందు వాడే విధం రోగికి చెప్పి, చెప్పినదాన్ని రోగి నోట తిరిగి చెప్పించాలి. సిబ్బందితో వాదించకూడదు. రోజూ చేసిన పని పుస్తకంలో రాసి సంతకం తీసుకోవాలి. ఆ సంతకాలు నిండకపోతే డిప్లొమా లేదు.

వాదించకూడదన్న నియమం నా చేతిలో మొదటి రోజు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

అక్కడి కాంపౌండరు అరవై దగ్గరపడిన మనిషి. క్రైస్తవుడు. తెల్ల పంచె, పైన పాతబడిన నల్లకోటు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కిటికీ వెనకే నిలబడినవాడు. చదువు తక్కువ, చేతులు మాత్రం గట్టివి. కొలగ్లాసు కంటి ఎత్తుకు లేపకుండానే మిక్స్చరు కొలిచేవాడు. అలా కొలవకూడదని నేనన్నాను. ఆయన పోసిందాన్ని నేను మళ్ళీ కొలిచాను. సరిగ్గా ఉంది. "ఇంకోతూరి కొలుచుకో అమ్మాయ్, ఈ తూరి తప్పుతుందేమో," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ రోజుల్లో మందు సీసా రోగులే తెచ్చుకోవాలి. ఆసుపత్రి మిక్స్చరు పోస్తుంది, పక్కన పళ్ళు పళ్ళుగా కత్తిరించిన కాగితం పట్టీ మైదా జిగురుతో అతికిస్తుంది. పూటకు ఒక పన్ను కిందికి దిగాలి. అదే మోతాదు. పైన రుద్దుకునే మందులు మాత్రం ఆసుపత్రి సీసాల్లోనే ఇచ్చేవాళ్ళు. అవి పచ్చటి సీసాలు, ఒంటినిండా నిలువుగా గట్టులు తేలి ఉంటాయి. పట్టుకోగానే వేళ్ళకు గరుకు తెలుస్తుంది. రుద్దుడు మందు ఎవరూ పొరపాటున తాగకుండా ఆ ఏర్పాటు. పుస్తకంలో ఒక వాక్యంగా ఇది నేనూ చదివాను.

కాంపౌండరు గారు దాన్ని పుస్తకంలో చదవలేదు. రుద్దుడు మందు ఇచ్చేటప్పుడల్లా రోగి బొటనవేలు తన చేత్తో పట్టుకొని సీసా గట్టుల మీద అడ్డంగా అటూ ఇటూ లాగేవాడు. "గరుకుగా ఉండాదా? గరుకైతే రుద్దు. నున్నగా ఉంటే తాగు," అనేవాడు. ముసలివాళ్ళకూ అంతే, పిల్లల తల్లులకూ అంతే. మగవాడు పరాయి ఆడదాని వేలు పట్టుకొని సీసా మీద రాయించడం నాకు వెగటుగా ఉండేది. నోటితో చెబితే అర్థం కాదా, వాళ్ళేం పసిపిల్లలా అని అడిగాను. నోటి మాట కాలువ దాటేలోపల జారిపోద్ది అన్నాడు. అందుకే తిరిగి చెప్పించాలి అని నా టైపు కాగితం తీసి చూపించాను. ఆయన చదివి, మడిచి, జాగ్రత్తగా నా చేతికి ఇచ్చాడు. నేను గెలిచాననుకున్నాను.

మూడో వారంలో ఆయన మందుల కోసం నెల్లూరు వెళ్ళాల్సి వచ్చింది. తయారుగా ఉన్న మామూలు మిక్స్చర్లు తప్ప ఏదీ ఇవ్వొద్దని, అనుమానమున్న చీటీ వస్తే మర్నాటికి రమ్మనమని చెప్పి వెళ్ళాడు. డాక్టరు గారు పొద్దున రోగులను చూసి, చీటీలు రాసి, పక్క ఊళ్ళో కాన్పు ఉందని పోయాడు. మిగిలింది నేను, ఊడ్చే ఆయమ్మ.

పన్నెండు దాటాక ఆమె వచ్చింది. సన్నటి మనిషి, నా వయసే ఉంటుంది. చంకలో రెండేళ్ళ ఆడబిడ్డ. కోరింత దగ్గు. ఆ పిల్ల దగ్గడం మొదలుపెడితే ముఖం నల్లబడి, చివర ఊపిరి లోపలికి లాగేటప్పుడు ఒక కూత వచ్చేది. విన్నవాళ్ళకు కూడా ఊపిరి ఆగేది. చీటీలో డాక్టరు గారు రాసిన మిక్స్చరులో బెల్లడోనా ఉంది. చుక్క ఎక్కువైతే పిల్లకు ముప్పు, తక్కువైతే దగ్గు ఆగదు. అనుమానమున్న చీటీ అంటే సరిగ్గా ఇదే. మర్నాటికి రమ్మనాలి.

నేను రమ్మనలేదు. పిల్ల మీద జాలి అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. కొంత జాలే. ఆ ముసలాయన లేకుండా ఒక కష్టమైన మందు నేనే కలిపి చూపించాలన్న దుగ్ధ మిగతాదంతా.

బాగానే కలిపాను. ఇప్పటికీ ఆ మిక్స్చరులో నాకు తప్పు కనబడదు. పోద్దామని ఆమె సీసా తీసుకుంటే చేప నూనె వాసన. ఎప్పటెప్పటివో పాత పట్టీలు ఒకదానిమీద ఒకటి అతికి ఉన్నాయి. ఇలాంటి సీసా ఎవరైనా తెస్తారా అని ఆమెను కోప్పడి, దాన్ని తీసుకెళ్ళి సూదులు మరిగే నీళ్ళలో వేశాను. చల్లటి గాజు మరిగే నీళ్ళలో వేస్తే ఏమవుతుందో ఏ ఇంట్లో ఆడపిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. ఆ నిమిషంలో మాత్రం సీసా శుభ్రం చేసే పాఠమే గుర్తుంది. టప్పుమని రెండు ముక్కలైంది.

ఆమె అరవలేదు. గిన్నెలోకి తొంగి చూసి, "ఆరిండ్లకీ అదొకటే," అంది.

ఎవరికి జబ్బు చేస్తే వాళ్ళు అడిగి తీసుకొచ్చే సీసా అట. మిగతా అయిదిళ్ళకూ ఇప్పుడు ఏం చెప్పుకోవాలని ఆమె దిగులు. చుట్టుపక్కల సీసాలమ్మే అంగడి లేదు. ఆయమ్మ తన గుడిసెలో వెతికి, ఏమీ లేదని చేతులూపింది. మందు కలిపిన కొలపాత్ర బల్లమీద నురగలు అణగి కూర్చుంది.

బీరువాలో ఉన్నవి పచ్చ సీసాలే.

తెలియక తీశానని చెప్పను. తెలిసే తీశాను. నాలో నేను గట్టిగా వాదించుకున్నాను, ఆ వాదనలో ఎప్పుడూ నేనే గెలుస్తాను. సీసా కొత్తది, శుభ్రమైనది. మీద లేబుల్ వేస్తున్నాను. నోటితో చెబుతున్నాను. తిరిగి చెప్పిస్తున్నాను. ఇన్ని ఉండగా గాజుమీది నాలుగు గట్టులు ఏం చేస్తాయి? లేబుల్ మీద పెద్ద అక్షరాలతో 'లోపలికి తాగే మందు' అని రాశాను. ఆమెకు చదువు రాదని తెలిసే రాశాను. పట్టీ సమంగా కత్తిరించి అతికించాను.

"బిడ్డకు తాగించాలి. పూటకు ఒక పన్ను. రోజుకు మూడుసార్లు. ఏం చెప్పాను?" అన్నాను.

"బిడ్డకి తాపుతా. పూటకొక పన్ను. దినానికి మూడు తూర్లు," అంది.

"ఇంకోసారి చెప్పు."

చెప్పింది. మూడోసారి కూడా చెప్పించాను. బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకొని చెప్పింది. ఆమె సీసా తీసుకుంటూ ఒకసారి దాన్ని అరచేతిలో తిప్పింది. కొత్త సీసా దొరికిందన్న సంతోషం అనుకున్నాను.

"వస్తా నర్సమ్మా," అంది. నేను నర్సును కాదు, ఫార్మసిస్టును అని సరిదిద్దాను. తల ఊపి పోయింది.

ఆమె కాలువగట్టు ఎక్కి కనుమరుగయ్యేదాకా బాగానే ఉంది. తర్వాత మొదలైంది నా అవస్థ. మందు అయిపోయాక ఆ సీసా ఆరిళ్ళూ తిరుగుతుంది కదా. గరుకు సీసాలోదీ తాగే మందే అని పాళెమంతా అనుకుంటే? రేపెవరో మోకాళ్ళకని టర్పెంటైను మందు తీసుకెళ్ళి ఇంట్లో పెడితే, ఎవరో పిల్లవాడికి దగ్గు వస్తే? ఆ ఆలోచన తేలులా ఎక్కింది. పొడి పొట్లాలు కడుతూ ఒక పొట్లంలో రెండుసార్లు పొడి వేశాను, అంతా విప్పి మళ్ళీ కట్టాను. పని లేకపోయినా కాలువ దాకా వెళ్ళి, వచ్చే పడవల్లో ఆ పాళెం వాళ్ళెవరైనా ఉన్నారా అని చూసేదాన్ని. ఉంటే ఏం చెయ్యాలో తెలియదు. తిరిగొచ్చేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు.

మర్నాడు కాంపౌండరు గారు వచ్చాడు. నా పుస్తకంలో నిన్నటి పని కింద 'మామూలు మిక్స్చర్లు' అని రాసి ఇచ్చాను. నమ్మి సంతకం పెట్టాడు. ఒకరోజు గడిచింది, రెండు గడిచాయి. చెబుదామని ఆయన వెనక నిలబడితే నా నోటికి ఇంకేదో వచ్చేది. చెబితే పుస్తకం పోతుంది. పుస్తకం పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇంట్లో మళ్ళీ పంపరు. పాళెంలో పిల్లలు చస్తారేమో అన్న భయం ఒక పక్క, ఈ లెక్క ఇంకో పక్క. నాలుగో రోజు ఆయనే కదిలించాడు.

"ఏంది అమ్మాయ్, మూడు దినాలుగా నాతో వాదించలేదే. ఒంట్లో బాగలేదా?"

ఆయన నవ్వుతూ అడిగాడు. నేను ఏడుస్తూ చెప్పాను. చీటీ, సీసా పగలడం, పచ్చ సీసా, మూడుసార్లు చెప్పించడం అన్నీ చెప్పాను. పాళెంలో ఎవరైనా రుద్దుడు మందు తాగేస్తారేమోనని నా భయం కూడా చెప్పాను.

ఆయన నవ్వు పోయింది. చేతిలోని గరిట కింద పెట్టాడు.

"వాళ్ళెవురూ తాగరు," అన్నాడు. "ఆ బిడ్డా తాగి ఉండదు."

నాకు ఆ మాట తలకెక్కలేదు. తాగిస్తానని మూడుసార్లు చెప్పింది సార్ అన్నాను. ఆయన వినిపించుకోకుండా కిటికీ తలుపు మూసి, ఆయమ్మను అక్కడ కూర్చోబెట్టి, చెప్పులు వేసుకున్నాడు. తన సంచిలోంచి నున్న సీసా ఒకటి తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. అది ఆయన నెల్లూరులో తన ఇంటికని కొనుక్కున్న తేనె సీసా. తేనె గిన్నెలోకి వంచి, కడిగి తెచ్చాడు.

పడవ దాటి ఇసుకలో నడిచాం. మిట్టమధ్యాహ్నం, కాళ్ళు కాలిపోతున్నాయి. ఆయన ముందు, నేను వెనక. దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను, లేబుల్ గురించి, కాగితంలోని నియమం గురించి. ఆయన వెనక్కి తిరగకుండా నడక వేగం పెంచాడు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

పాళెం అంటే తాటాకు గుడిసెలు, ఆరేసిన వలలు, వాటి మధ్య ఇసుక. ఆమె గుడిసె ముందు నీడలో కూర్చొని ఉంది. బిడ్డ ఒళ్ళో వెల్లకిలా పడుకొని ఉంది, ఒంటిమీద గుడ్డ లేదు. నాలుగు రోజుల్లో సగమైపోయింది. రొమ్ము మీద తేమగా, జిగటగా ఏదో మెరుస్తోంది. ఆమె తాటాకు ముక్కతో ఆ జిగట మీదికి వచ్చే ఎర్రచీమలను ఒక్కొక్కటే తోసేస్తోంది.

పచ్చ సీసా పక్కనే ఉంది. పట్టీ మీద పళ్ళు సరిగ్గా నాలుగు రోజుల లెక్కకు దిగి ఉన్నాయి. పూటకొకటి, రోజుకు మూడు. ఒక్క పన్ను తప్పలేదు.

ఆమె నన్ను చూడలేదు. కాంపౌండరు గారితోనే చెప్పుకుంది. "ఈ తూరి మందు మంట పుట్టలా అయ్యా. మోకాళ్ళకి మా అత్తకిచ్చినట్టు లేదు. తియ్యగా ఉండాదేమో, చీమలు పడతా ఉండాయి."

ఆయన ఆమె ముందు ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు. మందు తప్పు కాదని, సీసా తప్పని, ఆ తప్పు ఆసుపత్రిదని చెప్పాడు. నా వైపు వేలు చూపించలేదు. నేనే చెప్పాలని నోరు తెరిచేసరికి బిడ్డకు దగ్గు వచ్చింది. అది ఆగి, కూత వచ్చి, మళ్ళీ రంగు తిరిగేదాకా ముగ్గురం కదలలేదు. ఆయన లేచి బిడ్డను భుజాన వేసుకున్నాడు. తల్లి పచ్చ సీసా తీసుకుంది. మళ్ళీ అదే ఇసుక.

ఆసుపత్రిలో డాక్టరు గారి ముందు ఆయన నాతో ఒక్క మాటే అన్నాడు: "నువ్వే చెప్పు." చెప్పాను. డాక్టరు గారు నా పుస్తకం తెప్పించి, ఆ నాలుగు రోజుల సంతకాల మీద అడ్డంగా గీత కొట్టి, ఇంకో నెల అక్కడే ఉండి పని చెయ్యమన్నాడు. అంతకంటే ఎక్కువే చేస్తాడనుకున్నాను. మా వాళ్ళు చెప్పే కథలో ఈ గీత ఉండదు.

బిడ్డను వార్డులో పెట్టారు. మందు నేనే పొయ్యాలని కాంపౌండరు గారు పట్టుబట్టాడు. పూటపూటా నేను చెంచాతో పోస్తే, ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు. మొదటి మూడు రోజులూ ఆ పిల్ల ఉంటుందో పోతుందో ఎవరూ చెప్పలేకపోయారు. దగ్గు వినబడితే పరుగెత్తేదాన్ని, వినబడకపోతే ఇంకా వేగంగా పరుగెత్తేదాన్ని. వారం దాటాక ఒక పొద్దున గంజి అడిగింది. తల్లి తాపింది. నేను బయటికి వచ్చి గోడకానుకొని నిలబడ్డాను.

ఇంటికి పంపేరోజున ఆమె మూటకట్టుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఇప్పుడూ చేతకాదు. అందుకని ఆమెనే నిలదీసినట్టు అడిగాను, తాగించమని అంత గట్టిగా చెప్పాను కదా, ఎందుకు రుద్దావు అని.

ఆమెకు కోపం రాలేదు. "నువ్వు నేర్చుకునే బిడ్డవి కదమ్మా. నీ మాట తప్పొచ్చు. సీసా ఎట్ల తప్పుద్ది?" అంది.

"మరి తాపుతానని మూడుసార్లు చెప్పావే?"

"నువ్వు చెప్పమంటివి. చెప్పినాను."

ఇంకేదో అడగబోయాను. డాక్టరు గారు వచ్చి బిడ్డ రొమ్ము చూడటం మొదలుపెట్టాడు. ఆమె లేచి నిలబడింది. ఆయన వెళ్ళేసరికి పాళెం పడవ వచ్చిందని ఎవరో కేకేశారు, పగిలిన సీసాకు బదులు కాంపౌండరు గారు ఇచ్చిన తేనె సీసా మూటలో దోపుకొని పోయింది. తర్వాతి నెలలో ఇద్దరు ముగ్గురు ఆ సీసాతో వచ్చారు గానీ ఆమె రాలేదు. నా శిక్షణ అయ్యేముందు నేనే పాళేనికి వెళ్ళాను. వేటకని ఆ ఇంటివాళ్ళు దక్షిణంగా ఇంకో రేవుకు పోయారన్నారు. ఎప్పుడొస్తారంటే, చేపలు చెప్పాలి అన్నారు.

ఇప్పుడు నేను పిల్లలకు పాఠం చెబుతున్నాను. టైపు కాగితం పోయి అచ్చు పుస్తకం వచ్చింది, నియమం మాత్రం అదే: రోగికి చెప్పు, తిరిగి చెప్పించు. పరీక్షలో దానికి మార్కులు కూడా ఉన్నాయి. పిల్లలు అది చదివేటప్పుడు నాకు కుర్చీలో కుదురుండదు. ఆమె ఆ కిటికీ ముందు చేతులు కట్టుకొని 'బిడ్డకి తాపుతా' అని చెప్పిన ఆ మూడుసార్లలో, ఆమెకు నా మాట మీద నమ్మకం ఉండి, ఇంటికి పోయాక సీసా తడిమి మనసు మార్చుకుందా? లేక సీసా చేతికి రాకముందే, బల్లమీద దాన్ని చూస్తూ, రుద్దాలని అనుకుంటూనే నాకు తాపుతానని అప్పజెప్పిందా?